వైరస్ వచ్చిందని ఒంటికెలా తెలుస్తుంది, వైరస్ ఎలా తప్పించుకుంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు పడ్డాక మన ఇళ్ళల్లో జ్వరాలు ఒకరి తర్వాత ఒకరికి వరసపెట్టి వస్తాయి కదా, అప్పుడు ప్రతివాళ్ళూ అనే మాట "నీకు ఇమ్యూనిటీ తక్కువ" అని. ఆ మాట వింటే నాకు కొంచెం చిరాకు, ఎందుకంటే అక్కడ అసలు కథ బలం గురించి కన్నా టైమ్ గురించి. వైరస్ లోపలికొచ్చిన మొదటి కొన్ని గంటల్లో ఎవరు ముందు మేలుకున్నారు అన్నదే ఆట. ఆ గంటల గురించి ఎక్కువమంది అడిగేవి కింద పెట్టాను, కొన్ని జవాబులు పొడుగు, ఓపిక చేసుకోండి.

ఇన్నేట్ ఇమ్యూనిటీ అంటే యాంటీబాడీలేనా?

కాదండీ. యాంటీబాడీలు, టీ సెల్స్ (వైరస్ సోకిన కణాలని వెతికి చంపే తెల్లకణాలు) ఇవన్నీ రెండో బ్యాచ్. ఎప్పుడూ చూడని వైరస్ వస్తే అవి తయారై రంగంలోకి దిగేసరికి వారం, పది రోజులు పట్టేస్తుంది. ఫ్లూ వైరస్ అయితే ఒక కణంలో దూరాక 6 నుంచి 8 గంటల్లోనే కొత్త వైరస్‌లని బయటికి పంపడం మొదలుపెడుతుంది, ఇక లెక్క మీరే వేసుకోండి. ఈ మధ్యలో ఇల్లు కాసేదే ఇన్నేట్ ఇమ్యూనిటీ, అంటే పుట్టుకతో వచ్చిన రోగనిరోధక శక్తి. దీనికి ఫలానా వైరస్ అని పేరు తెలీదు, ముఖం గుర్తుండదు, "ఇది మనింటి వ్యవహారం కాదు" అన్నది మాత్రం తెలుస్తుంది. ఇంకోటి, ఇది తెల్ల రక్తకణాల పని మాత్రమే అనుకుంటారు చాలామంది, కానీ ముక్కు లోపలి పొర, ఊపిరితిత్తుల పొర, చర్మం, కాలేయం, దాదాపు ఏ కణానికి ఆ కణం సొంత అలారం పెట్టుకునే ఉంటుంది.

వైరస్ కూడా మన కణంలోని సరుకుతోనే తయారవుతుంది కదా, మరి పరాయిదని ఎలా పట్టుకుంటారు?

అసలు చిక్కంతా ఇక్కడే. బాక్టీరియా అయితే దాని గోడ వేరు, దాని తోక వేరు, చూడగానే తెలిసిపోతుంది. వైరస్ అలా కాదు, మన పంచదార, మన కొవ్వు, ప్రొటీన్లు తయారుచేసే మన రైబోజోమ్ అన్నీ వాడుకుని మన కణంలోనే వండుకు తింటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

కానీ ఒకటి మాత్రం దాచుకోలేదు, దాని జన్యుపదార్థం, అంటే ఆర్‌ఎన్‌ఏ లేదా డీఎన్‌ఏ. అది లేకుండా వైరస్ వైరసే కాదు. అందుకే మన కాపలావాళ్ళు ముఖ్యంగా దాన్నే వెతుకుతారు. మనకీ ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ ఉన్నాయిగా అంటారేమో, ఉన్నాయి, అందుకే రెండు గుర్తులు చూస్తారు. ఒకటి చోటు: మన డీఎన్‌ఏ న్యూక్లియస్‌లో ఉండాలి, కొంచెం మైటోకాండ్రియాలో ఉండాలి, కణద్రవంలో బయట తిరుగుతూ కనిపించిందంటే ఏదో తేడా. రెండోది రూపం: మన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ (ఏ ప్రొటీన్ వండాలో చీటీ మోసుకెళ్ళేది) ముందు చివర ఒక క్యాప్ ఉంటుంది, అంటే టోపీ, దాని పక్కనే చిన్న మిథైల్ ముద్ర కూడా ఉంటుంది, ఆధార్ మీద హోలోగ్రామ్ లాగా. చాలా వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏకి ఆ టోపీ ఉండదు, ముందు చివర మూడు ఫాస్ఫేట్లు బోడిగా కనిపిస్తుంటాయి. పైగా వైరస్ తన ఆర్‌ఎన్‌ఏకి కాపీ తీసేటప్పుడు రెండు పోగులు జడలా కలిసిన పొడవాటి ఆర్‌ఎన్‌ఏ వస్తుంది, ఆరోగ్యంగా ఉన్న మన కణద్రవంలో అంత పొడుగువి మామూలుగా కనపడవు.

టోల్ రిసెప్టర్లు అంటే ఏంటి, ఆ పేరేంటి?

హైవే మీద టోల్ గేట్‌కీ దీనికీ సంబంధం లేదు, పని మాత్రం కొంచెం అలాంటిదే. జర్మన్‌లో టోల్ అంటే "భలే" అని. ఈగ పిండంలో ఒక జన్యువు పాడైతే పిండం వింతగా పెరగడం చూసి క్రిస్టియానె న్యూస్‌లైన్-ఫోల్‌హార్డ్ ల్యాబ్‌లో ఆ పేరు పెట్టారు, అప్పటికి ఇమ్యూనిటీ ఊసే లేదు. తర్వాత 1996లో స్ట్రాస్‌బర్గ్‌లో జూల్స్ హాఫ్‌మన్ ల్యాబ్‌వాళ్ళు ఆ జన్యువు లేని ఈగల మీద బూజు ఎక్కి అవి చచ్చిపోతున్నాయని చూపించారు, 1998లో బ్రూస్ బాయిట్లర్ ఎలుకల్లో దాని చుట్టం బాక్టీరియా గోడ ముక్కని గుర్తుపడుతుందని తేల్చాడు. వీళ్ళిద్దరికీ 2011లో నోబెల్ వచ్చింది, డెండ్రిటిక్ కణాలని కనిపెట్టిన రాల్ఫ్ స్టైన్‌మన్‌తో కలిపి. పాపం ఆయన ప్రకటనకి మూడు రోజుల ముందే పోయాడు, కమిటీకి ఆ సంగతి తెలీదు.

మనుషుల్లో ఇలాంటి కాపలా ప్రొటీన్లు 10 ఉన్నాయి, టోల్ లాంటి రిసెప్టర్లు కాబట్టి పొట్టిగా టీఎల్‌ఆర్ అని నంబర్లేస్తారు. వాటిలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏలని పట్టేవి 3, 7, 8, 9 నంబర్లవి, ఇవి కణం పైపొర మీద కాకుండా ఎండోజోమ్ అనే లోపలి సంచుల్లో ఉంటాయి. ఎందుకంటే కణం బయటినుంచి మింగినవన్నీ ముందు ఆ సంచిలోకే వస్తాయి, మన సొంత డీఎన్‌ఏ అక్కడికి మామూలుగా రాదు. అంటే తనిఖీ ఎక్కడ పెడితే సొంతవాళ్ళ మీద పొరపాటున లాఠీ పడదో అక్కడే పెట్టారన్నమాట.

సంచి దాటి లోపలికొచ్చేస్తే?

అక్కడ వేరే బ్యాచ్ ఉంది. ఆ మూడు ఫాస్ఫేట్ల బోడి చివరని రిగ్-ఐ అనే ప్రొటీన్ పట్టుకుంటుంది, పొడవాటి జంట ఆర్‌ఎన్‌ఏని ఎండీఏ5 పట్టుకుంటుంది. రెండూ వెళ్ళి కబురు చెప్పేది మైటోకాండ్రియా మీద కూర్చున్న మావ్స్ అనే ప్రొటీన్‌కి. దీన్ని 2005లో నాలుగు గ్రూపులు ఇంచుమించు ఒకేసారి కనిపెట్టి నాలుగు పేర్లు పెట్టాయి, పాత పేపర్లు చదివేవాళ్ళకి ఇప్పటికీ తలనొప్పే. డీఎన్‌ఏ సంగతి చూసేది సీగ్యాస్, దీన్ని డల్లాస్‌లో జిజియన్ చెన్ ల్యాబ్ 2013లో బయటపెట్టింది. డీఎన్‌ఏ తగలగానే ఇది చిన్న మెసేజ్ అణువు తయారుచేస్తుంది, అది వెళ్ళి స్టింగ్ అనే ప్రొటీన్‌ని లేపుతుంది. తమాషా ఏంటంటే బాక్టీరియా కూడా తనని తినే వైరస్‌ల మీద సీగ్యాస్‌కి చుట్టమైన ఎంజైమ్‌నే వాడుతుంది, అంటే ఈ అలారం మనకన్నా ఎంతో పాతది.

గుర్తుపట్టాక ఏం చేస్తారు? ఇంటర్ఫెరాన్ అంటే అదేనా?

అదే. అలారం మోగిన కణం ఇంటర్ఫెరాన్ అనే ప్రొటీన్ బయటికి వదులుతుంది. అది వైరస్‌ని ముట్టుకోను కూడా ముట్టుకోదు, పక్క కణాలకి దండోరా వేస్తుంది అంతే. ఊళ్ళో ఒకరింట్లో దొంగ పడ్డాడని కేకేస్తే మిగతావాళ్ళు తలుపులు గడియ పెట్టుకున్నట్టు, పక్క కణాలు కొన్ని వందల జన్యువులని ఒకేసారి ఆన్ చేసుకుంటాయి. ఒకటి కణంలో ప్రొటీన్ తయారీనే ఆపేస్తుంది, ఇంకోటి కనిపించిన ఆర్‌ఎన్‌ఏనల్లా ముక్కలు చేస్తుంది, ఇంకోటి వైరస్ సంచిలోంచి బయటపడకుండా పొరని బిగిస్తుంది. కణానికీ ఇందులో నష్టమే, ప్రొటీన్ తయారీ ఆపుకుంటే తనకీ పస్తే కదా, అవసరమైతే తనని తను చంపేసుకుంటుంది కూడా.

దీన్ని 1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ కనిపెట్టారు. కోడిగుడ్డు లోపలి పొర ముక్కల మీద వేడితో చంపిన ఫ్లూ వైరస్ వేసి, ఆ తర్వాత ఆ ద్రవం మాత్రమే తీసి కొత్త పొర ముక్కల మీద పోస్తే వాటిని బతికున్న వైరస్ ఏమీ చేయలేకపోయింది. వైరస్ పనికి అడ్డం పడుతోంది కాబట్టి ఇంటర్ఫెరాన్ అన్నారు. చాలామంది నమ్మలేదు, "మిస్‌ఇంటర్‌ప్రెటాన్" అని వెక్కిరించారు.

జ్వరం, ఒళ్ళు నొప్పులు వైరస్ వల్లే కదా?

చాలావరకు మన అలారం వల్ల. దీనికి సాక్ష్యం హెపటైటిస్ సీ పేషెంట్లు. మాత్రలు రాకముందు వాళ్ళకి నెలల తరబడి ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్ళు, హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ కూడా ఇంటర్ఫెరాన్ తయారుచేసింది. ఇంజెక్షన్ పడ్డ కొన్ని గంటలకి అచ్చం ఫ్లూ వచ్చినట్టే చలి, జ్వరం, కీళ్ళు పీకేయడం, తిండి సయించకపోవడం, కొంతమందికి దిగులు కూడా. సిరంజిలో ఫ్లూ వైరస్ లేదు, ఉన్నది ఇంటర్ఫెరాన్ మాత్రమే.

మరి ఇంత కాపలా ఉంటే వైరస్‌లు ఎలా నెగ్గుతున్నాయి?

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడుంటాడు. వైరస్‌లకి ఉన్నదే గుప్పెడు జన్యువులు, ఫ్లూకి జన్యుపదార్థం ఎనిమిది ముక్కలే, అయినా అందులో కొంత ఈ పని కోసమే కేటాయించుకున్నాయంటే ఈ అలారం వాటికెంత భయమో చూడండి.

మొదటి పద్ధతి దాక్కోవడం. కరోనా వైరస్ కణం లోపలి పొరలని లాగి రెండు పొరల బుడగలు కట్టుకుని, ఆ బుడగల్లో కూర్చుని కాపీలు తీసుకుంటుంది, జంట ఆర్‌ఎన్‌ఏ బయటికి కనపడదు. పైగా తన ఆర్‌ఎన్‌ఏకి టోపీ తనే కుట్టుకుంటుంది, ఆ మిథైల్ ముద్ర కూడా సొంత ఎంజైమ్‌తో వేసుకుంటుంది. మన పెళ్ళిళ్ళలో పిలవనివాడు పట్టుచొక్కా వేసుకుని పంక్తిలో కూర్చుంటే మగపెళ్ళివాళ్ళు ఆడపెళ్ళివాళ్ళ తరఫనుకుంటారు, వీళ్ళు వాళ్ళ తరఫనుకుంటారు, వాడు దర్జాగా తినేసి వెళ్తాడు చూడండి, సరిగ్గా అదే. ఫ్లూ అయితే అంత కష్టం కూడా పడదు, మన ఆర్‌ఎన్‌ఏ తలలే కోసి ఆ టోపీలు తన మెసేజ్‌లకి తగిలించుకుంటుంది. మనకి టోపీ పెట్టడం అంటే అక్షరాలా ఇదే. కానీ దాని అసలు జీనోమ్ ముక్కల చివర మూడు ఫాస్ఫేట్లు అలాగే ఉంటాయి, రిగ్-ఐ పట్టేస్తుంది, దానికోసం ఎన్‌ఎస్1 అనే ఇంకో ప్రొటీన్ పెట్టుకుంది, అది జంట ఆర్‌ఎన్‌ఏని కప్పేస్తుంది, రిగ్-ఐ నిద్రలేచే దారినీ అడ్డుకుంటుంది. ఎబోలాలో వీపీ35 అనే ప్రొటీన్ ఇలాగే ఆర్‌ఎన్‌ఏ మీద గొడుగు పట్టే పని చేస్తుంది.

రెండోది వైరు కోసేయడం. హెపటైటిస్ సీకి కత్తెర లాంటి ఎంజైమ్ ఉంది, దాని అసలు పని తన ప్రొటీన్లని కత్తిరించుకోవడం, అదే కత్తెరతో మైటోకాండ్రియా మీద ఉన్న మావ్స్‌ని కూడా కత్తిరించేస్తుంది. రిగ్-ఐ గుర్తుపట్టినా కబురు అందదు. ఈ వైరస్ సోకినవాళ్ళలో నూటికి 70 మంది దాకా దీర్ఘకాలంగా ఒంట్లోనే ఉండిపోతుందంటే దాని వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి. వైరస్‌ల తెలివి మొత్తంలో నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఇదే, ఒకే పనిముట్టు రెండు పనులు.

మూడోది దండోరా వినపడకుండా చేయడం. ఇంటర్ఫెరాన్ పక్క కణాన్ని తాకినా లోపల ఆ కబురు న్యూక్లియస్ దాకా మోసేవి స్టాట్1, స్టాట్2 అనే ప్రొటీన్లు. నిపా వైరస్ స్టాట్1ని పట్టి కట్టేస్తుంది, ఎబోలా వీపీ24 దాన్ని న్యూక్లియస్ గుమ్మం దగ్గర ఆపేస్తుంది. మశూచి కుటుంబం వైరస్‌లు ఇంకా ఘనులు, ఇంటర్ఫెరాన్ రిసెప్టర్ లాంటి నకిలీ తయారుచేసి బయటికి వదులుతాయి, ఇంటర్ఫెరాన్ దానికి అతుక్కుని అక్కడే ఆగిపోతుంది.

ఇవేవీ అలారాన్ని శాశ్వతంగా చంపేయవు. వైరస్‌కి కావాల్సింది ఒకటి రెండు రోజుల ఆలస్యం, ఈలోపు వేలు లక్షలైపోతాయి. కరోనాలో జ్వరం రాకముందే ఇంకొకరికి అంటించేసేవాళ్ళు కదా, ఆ ఆలస్యానికి అందులో వాటా ఉంది.

డెంగీ గురించి విడిగా చెప్పండి, మా వైపు ప్రతి ఏడూ అదే గోల

మా వైపూ అదే. డెంగీ పైన చెప్పిన మూడూ చేస్తుంది. ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే పొరలో చిన్న చిన్న గూళ్ళు చేసుకుని అందులో దాక్కుంటుంది. దాని ఎన్‌ఎస్5 ప్రొటీన్ స్టాట్2ని పట్టుకుని కణంలోని చెత్తబుట్టలో వేయిస్తుంది. దాని కత్తెర స్టింగ్‌ని కత్తిరిస్తుంది. డెంగీ ఆర్‌ఎన్‌ఏ వైరస్, స్టింగ్ డీఎన్‌ఏ అలారం, దానితో దీనికేం పని అని నాకూ మొదట అర్థం కాలేదు, తర్వాత తెలిసింది ఏంటంటే డెంగీ సోకిన కణంలో మైటోకాండ్రియా దెబ్బతిని దాని డీఎన్‌ఏ బయటికి కారుతుంది, సీగ్యాస్ దాన్ని చూసి అరుస్తుంది, ఆ అరుపుని ఆపడానికే ఈ తిప్పలన్నీ.

ఈ కత్తెర మనిషి స్టింగ్‌ని కోస్తుంది కానీ ఎలుక స్టింగ్‌ని కోయలేదు, ఎలుక స్టాట్2ని కూడా పడగొట్టలేదు. అందుకే మామూలు ఎలుకలకి డెంగీ రాదు, పరిశోధనకి ఇంటర్ఫెరాన్ రిసెప్టర్ తీసేసిన ఎలుకలని వాడాల్సి వస్తుంది.

ల్యాబ్ రిపోర్ట్‌లో "ఎన్‌ఎస్1 పాజిటివ్" అని చూసుంటారు, అది ఫ్లూ ఎన్‌ఎస్1 కాదు, పేరొక్కటే. వైరస్ రేణువులో భాగం కాకుండా కణంలో పనులు చేసిపెట్టే ప్రొటీన్లకి ఎన్‌ఎస్ అని నంబర్లేస్తారు, అందుకే ఈ కలగాపులగం. డెంగీ ఎన్‌ఎస్1 కణంలోంచి రక్తంలోకే వచ్చేస్తుంది కాబట్టి టెస్ట్‌లో దొరుకుతుంది, అక్కడ కాంప్లిమెంట్ అనే ఇంకో ఇన్నేట్ వ్యవస్థని అడ్డుకుంటుంది, రక్తనాళాల గోడల్లోంచి నీరు కారేలా చేయడంలోనూ దానికి చేయుంది. జ్వరం తగ్గాక ఒకటి రెండు రోజులే ప్రమాదం ఎందుకంటే ఆ కారడం అప్పుడే ఎక్కువ, కాబట్టి జ్వరం పోయిందని సంబరపడి కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ రక్తం లాంటివి తేలిగ్గా తీసుకోకండి. నొప్పులకి పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి వెళ్ళొద్దు, రక్తస్రావం పెరుగుతుంది.

వైరస్ ఇవన్నీ చేస్తుందని ఎలా నిరూపించారు?

తీసేసి చూశారు. 1998లో ఎన్‌ఎస్1 లేని ఫ్లూ వైరస్‌ని తయారుచేశారు. అది ఇంటర్ఫెరాన్ పనిచేసే చోట సరిగా పెరగలేకపోయింది, మామూలు ఎలుకలని ఏమీ చేయలేకపోయింది, స్టాట్1 లేని ఎలుకలని మాత్రం చంపేసింది. దొంగ చేతిలో గడ్డపార తీసేస్తే గడియ ఉన్న ఇంట్లో దూరలేకపోయాడు, గడియ లేని ఇంట్లో దూరాడు, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి. అలా గడియ లేని కణాలే వీరో కణాలు, ఆఫ్రికా కోతి మూత్రపిండంలోంచి 1962లో జపాన్‌లో తీసినవి, వీటికి ఇంటర్ఫెరాన్ తయారుచేసుకోవడం రాదు. వైరస్‌లు అందులో ఏపుగా పెరుగుతాయి, అందుకే వ్యాక్సిన్ కంపెనీలకి అవంటే అంత ఇష్టం.

ఎన్‌కే సెల్స్ పని ఏంటి?

చంపడం. ఎన్‌కే అంటే నేచురల్ కిల్లర్, ఇవీ ఒకరకం తెల్లకణాలే. వైరస్‌లు టీ సెల్స్‌కి దొరక్కుండా కణం మీద ఉండే గుర్తింపు ప్రొటీన్లని దాచేస్తాయి. ఎన్‌కే సెల్స్ తిరకాసుగా ఆలోచిస్తాయి, కార్డు చూపించనివాడినే అనుమానించి చంపేస్తాయి. సైటోమెగలోవైరస్ దీనికీ విరుగుడు కనిపెట్టింది, నకిలీ కార్డు ఒకటి తయారుచేసి కణం మీద పెడుతుంది.

ఒకే ఇంట్లో ఒకే వైరస్, ఒకరికి జలుబు, ఒకరు ఐసీయూ, ఎందుకు?

వయసు, షుగర్, ఎంత మోతాదులో సోకింది ఇలా కారణాలు చాలా ఉన్నాయి, కానీ ఒకటి మాత్రం 2020లో అందరినీ ఆశ్చర్యపరిచింది. ప్రాణం మీదికొచ్చిన కరోనా పేషెంట్లు 987 మందిని పరీక్షిస్తే 101 మంది రక్తంలో తమ సొంత ఇంటర్ఫెరాన్‌నే పనిచేయనివ్వని యాంటీబాడీలు దొరికాయి, ఆ 101లో 95 మంది మగవాళ్ళు. అంటే వాళ్ళ ఒంట్లో దండోరా వేసేవాడి నోరు వాళ్ళ ఒళ్ళే ముందుగా నొక్కేసి ఉంది. అంతవరకు వాళ్ళు మామూలుగానే తిరిగారు. అలాగే టీఎల్‌ఆర్3 దారిలో లోపం ఉన్న కొంతమంది పిల్లల్లో, పెదవి మీద పొక్కుతో పోవాల్సిన హెర్పిస్ వైరస్ మెదడుకెక్కుతుంది, మిగతా వైరస్‌లని వాళ్ళు బాగానే తట్టుకుంటారు.

అయితే ఇమ్యూనిటీ బూస్టర్లు వాడితే మంచిదే కదా?

కషాయం తాగండి, గొంతుకి హాయిగా ఉంటుంది, నేనూ తాగుతాను. కానీ అది తాగితే రిగ్-ఐ తొందరగా లేస్తుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. ఇంకా ముఖ్యంగా, ఈ అలారం ఎప్పుడూ మోగుతూ ఉండటం వరం కాదు. సొంత డీఎన్‌ఏ తుక్కుని ఊడ్చే ట్రెక్స్1 అనే ఎంజైమ్ పాడైన పిల్లలకి ఏ వైరస్ లేకుండానే సీగ్యాస్ మోగుతూ ఉంటుంది, మెదడు దెబ్బతింటుంది. లూపస్ (ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) ఉన్న చాలామంది రక్తంలోనూ ఇంటర్ఫెరాన్ జన్యువులు ఆన్‌లోనే ఉంటాయి. కరోనాలో సైటోకైన్ స్టార్మ్ అన్నారు కదా, అక్కడా అలారం సరిగ్గా మొదట్లో మోగాల్సింది మోగక, వైరస్ పెరిగిపోయాక ఆలస్యంగా, గట్టిగా, ఆగకుండా మోగితే వచ్చే తిప్పలే చాలావరకు. నిద్ర, తిండి, షుగర్ కంట్రోల్, వ్యాక్సిన్ ఇంతకన్నా డబ్బాలో దొరికే బూస్ట్ ఏదీ లేదు.

గబ్బిలాలకి నిపా లాంటివి ఉన్నా ఏమీ కావెందుకు?

అవి అలారం వాల్యూమ్ తగ్గించుకున్నాయి. ఎగరడానికి పడే శ్రమకి వాటి కణాల్లో డీఎన్‌ఏ దెబ్బతిని బయటికి వస్తుంటుందని, దానికల్లా కేకలేస్తే బతకలేవు కాబట్టి స్టింగ్‌లో ఒక మార్పుతో జోరు తగ్గించుకున్నాయని ఒక వివరణ. ఇంటర్ఫెరాన్ వైపు పని మాత్రం కొన్ని జాతుల్లో బాగానే సాగుతుంది. వైరస్‌ని అదుపులో పెడతాయి, ఇల్లు తగలబెట్టుకోవు. 2018లో కేరళలో నిపా వచ్చినప్పుడు మనుషుల్లో ఆ రాజీ కుదరలేదు.

వ్యాక్సిన్లకి ఈ అలారంతో సంబంధం ఉందా?

చాలా ఉంది, అదీ రెండు వైపులా. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏని మందుగా వాడదామంటే మొదట్లో పెద్ద ఆటంకం ఈ కాపలావాళ్ళే, బయటినుంచి ఆర్‌ఎన్‌ఏ వేయగానే టీఎల్‌ఆర్7, టీఎల్‌ఆర్8 మోగేవి, కణం ప్రొటీన్ తయారీ ఆపేసేది. 2005లో కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ ఆర్‌ఎన్‌ఏలోని యూరిడిన్ అనే అక్షరం బదులు దానిలాంటిదే అయిన సూడోయూరిడిన్ పెడితే కాపలావాళ్ళు పట్టించుకోవట్లేదని చూపించారు, 2023లో నోబెల్ అందుకున్నారు. వైరస్‌లు కోట్ల ఏళ్ళుగా చేస్తున్న వేషం పని మనుషులు ల్యాబ్‌లో నేర్చుకున్నారన్నమాట.

మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ కొవాక్సిన్‌కి దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. వైరస్‌ని పైన చెప్పిన వీరో కణాల్లోనే పెంచి, చంపేశారు. చచ్చిన వైరస్ చేసే చప్పుడు సరిపోదు కాబట్టి, పటికలా ఉండే అల్యూమినియం జెల్ మీద టీఎల్‌ఆర్7, టీఎల్‌ఆర్8లని కావాలనే తట్టిలేపే ఒక చిన్న అణువుని అతికించి కలిపారు. ఒక టీకా ఏ గంట మోగకూడదని అంత కష్టపడిందో, ఇంకో టీకా ఆ గంటనే వెతుక్కుని కొట్టింది.